గ్రీకు పురాణాల ట్రంప్ కార్డులు, పెనెలోపి చేతిలో రాట్నం

ఏప్రిల్ ఆఖరున పిల్లలకు సెలవులిచ్చిన రెండో రోజే ఏలూరు రోడ్డులో ఒక పుస్తకాల షాపులో ఈ పెట్టె కనపడితే కొన్నాను. 349 రూపాయలు. లోపల 48 కార్డులు, ఆట ఎలా ఆడాలో చెప్పే మడత కాగితం ఒకటి. మన చిన్నప్పుడు క్రికెటర్ల బొమ్మలతో, రెజ్లర్ల బొమ్మలతో ట్రంప్ కార్డులు వచ్చేవి కదా, ఆట అదే, వాళ్ళ బదులు గ్రీకు దేవుళ్ళు, వీరులు, రాక్షసులు ఉంటారు. ముందువైపు రంగుల బొమ్మ, దాని కింద బలం, తెలివి, వేగం, భయం అని నాలుగు అంకెలు. వెనకవైపు పది పన్నెండు లైన్ల కథ, అంతా తెలుగులోనే.

నేను కొన్నది ఆ తెలుగు కోసమే. మా పాపకి తొమ్మిదేళ్ళు. తెలుగు పుస్తకం చేతికిస్తే రెండో పేజీకే పక్కన పెట్టేస్తుంది. అలాంటిది బెజవాడ ఎండలకి బయటికి పోలేక, మా అక్క కొడుకుతో కలిసి రోజూ మధ్యాహ్నం ఫ్యాన్ కింద చాప మీద కూర్చుని ఆడి ఆడి, మే నెల అయ్యేసరికి 48 కార్డుల వెనకా చదివేసింది, కొన్ని కథలైతే నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. నాకు అంతకన్నా ఏం కావాలి. అందుకే ఐదుకి నాలుగు ఇస్తున్నాను. ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించానో చెప్పాలంటే కొంచెం పొడుగ్గానే చెప్పాలి.

ముందు వస్తువు సంగతి. కార్డులు మందంగా ఉన్నాయి, పైన ప్లాస్టిక్ పూత ఉంది, చెమట చేతులతో నెలన్నర ఆడినా మూలలు కాస్త తెల్లబడ్డాయి తప్ప పొరలు ఊడలేదు. అట్టపెట్టె మాత్రం వారంలో చిరిగింది, ఇప్పుడు స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టుకుంటున్నాం. రాక్షసుల కార్డులన్నీ ముదురు ఎరుపు మీద నల్ల అక్షరాలు, కరెంటు పోయిన సాయంత్రం మెడూసా కథ చదవాలంటే కిటికీ దగ్గరికి పోవాల్సిందే. నా పెట్టెలో హెర్మీస్ రెండుసార్లు వచ్చాడు, హెఫాయిస్టస్ అసలు లేడు. షాపాయనకి చెప్తే బిల్లు కూడా అడక్కుండా ఇంకో పెట్టె విప్పి మార్చి ఇచ్చారు. మీరు కొంటే మాత్రం అక్కడే విప్పించి లెక్క చూసుకోండి.

పేర్ల దగ్గర బాగా అశ్రద్ధ చేశారు. పెద్ద దేవుడి పేరు జ్యూస్ అని వేస్తే పాప బత్తాయి జ్యూస్ అనుకుంది, జియస్ అని వేసుంటే ఏ గొడవా లేదు. అదన్నా పర్లేదు. ఒక కార్డు మీద పొసైడన్, సముద్ర దేవుడు, చేతిలో త్రిశూలం, బలం 94. ఇంకో కార్డు మీద నెప్ట్యూన్, సముద్ర దేవుడు, అదే త్రిశూలం, బలం 91. గ్రీకులు పొసైడన్ అన్న దేవుణ్ణే రోమన్లు తమ నెప్ట్యూన్‌గా చూసుకున్నారు, కథలన్నీ ఇద్దరికీ అవే. ఆ రెండు కార్డులూ ఎదురుపడితే ఎవరు గెలిచినట్టు అని పిల్లలు అడిగితే నేనేం చెప్పను? హెర్క్యులస్ కూడా రోమన్ల పేరే. గ్రీకులో హెరాక్లీస్, అంటే హేరా దేవి కీర్తి అని అర్థం. పసితనం నుంచి అతన్ని పగబట్టి ఏడిపించిన దేవత పేరే అతని పేరులో ఉంది. పేరు సరిగ్గా వేసుంటే పిల్లలకి ఆ సంగతి కూడా అందేది.

ఇంత అన్నాక మంచి కూడా చెప్పాలి, హెరాక్లీస్ కార్డు వెనక రాసింది చాలా బాగుంది. పన్నెండు సాహసాలు చేశాడని అందరికీ తెలుసు, కానీ ముందు ఒప్పుకున్నవి పదే. హేరా తెప్పించిన పిచ్చిలో తన బిడ్డల్ని తనే చంపుకున్నాడు, ఆ పాపం పోవడానికి యురిస్థియస్ రాజు కింద పనిచేయాల్సి వచ్చింది. తీరా పదీ చేశాక రాజు రెండు కొట్టేశాడు. తొమ్మిది తలల హైడ్రాని చంపేటప్పుడు తల నరికిన చోటల్లా కాల్చి మళ్ళీ మొలవకుండా చూసింది తమ్ముడి కొడుకు అయొలాస్ కాబట్టి అది లెక్కలోకి రాదట. ఆజియస్ పశువుల శాలలు నదుల్ని మళ్ళించి కడిగినందుకు కూలి అడిగాడు కాబట్టి అదీ రాదట. మా అక్క కొడుకు అది విని "పిన్నీ, ఇది తొండి!" అని కార్డు కింద పడేశాడు. పుస్తకంలో చదివిన దేనికీ వాడికి అంత కోపం రావడం నేను చూడలేదు.

ట్రాయ్ యుద్ధంలో గ్రీకుల వీరుడు అకిలీస్ కార్డులో ఒక తప్పుంది. ఆ యుద్ధం మీద హోమర్ చెప్పిన కావ్యం ఇలియడ్ చివర్లో మడమకి బాణం తగిలి చనిపోయాడని రాశారు. ఇలియడ్ అకిలీస్ చంపిన ట్రాయ్ యువరాజు హెక్టర్ అంత్యక్రియలతో అయిపోతుంది, అప్పటికి అకిలీస్ బతికే ఉన్నాడు, చెక్క గుర్రం ముచ్చట కూడా అందులో జరగదు. ఒంటికి దెబ్బ తగలకూడదని తల్లి థెటిస్ అతన్ని స్టిక్స్ నదిలో ముంచిందన్న, మడమ ఒక్కటే తడవలేదన్న కథ మనకి దొరికేది హోమర్ తర్వాత ఎన్నో వందల ఏళ్ళకి రోమన్ కవి స్టేషియస్ రాసినదాంట్లో. మన దగ్గరా ఇలాంటివి ఉన్నాయి, గాంధారి కళ్ళకి కట్టు విప్పి దుర్యోధనుణ్ణి చూసిందన్న కథ జనం నోట్లో ఉంది, వ్యాసభారతంలో లేదు. కథ తర్వాత పుట్టిందైతే వచ్చే నష్టమేమీ లేదు, ఎక్కడిదో సరిగ్గా చెప్పాలి, అంతే.

హెక్టర్ కార్డు బలంలో అకిలీస్ కన్నా ఆరు తక్కువ కాబట్టి ఆటలో ఎప్పుడూ పోతూనే ఉంటుంది. వెనక తిప్పితే, ముసలి ప్రియామ్ రాజు రాత్రిపూట శత్రువు గుడారానికి వెళ్ళి, కొడుకుని చంపిన చేతుల్నే ముద్దు పెట్టుకుని శవాన్ని ఇమ్మని అడగడం, అకిలీస్‌కి తన తండ్రి గుర్తొచ్చి ఇద్దరూ కలిసి ఏడవడం ఉంటుంది. ఐదే ఐదు వాక్యాలు. నేను చదివి వినిపిస్తే పిల్లలిద్దరూ కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ రోజు నుంచే మా ఇంట్లో ఒక రూలు పెట్టాం, కార్డు ఓడినా సరే, దాని వెనక కథ చూడకుండా చెప్పగలిగితే ఆ కార్డు నీదే. ఆట పొడుగవుతుంది, కానీ మీరూ అలా ఆడించండి. అంకెలకన్నా ఆ కథల్లోనే ఎక్కువ ఉంది.

ఒంటికన్ను రాక్షసుడు పాలిఫీమస్ కార్డు దగ్గర తెలుగు చేసినవాళ్ళు ఇంకొంచెం కష్టపడాల్సింది. ట్రాయ్ యుద్ధం నుంచి ఇంటికి వెళ్తూ వాడి గుహలో చిక్కిన ఒడిస్సియస్ తన పేరు 'నోబడీ' అని చెప్పాడని వదిలేశారు. పిల్లలకి అందులో తమాషా ఎలా తెలుస్తుంది? తెలుగులో 'ఎవరూ' అంటే క్రియ కూడా 'లేదు', 'కాదు' అని మారిపోతుంది కాబట్టి ఉన్నదున్నట్టు రాదు, నిజమే. నేను రెండు రోజులు ఆలోచించి ఇలా చెప్పాను: ఒడిస్సియస్ తన పేరు ఎవరూలేరు అని చెప్పాడు. ఒడిస్సియస్ పొడిస్తే కన్ను పోయి రాక్షసుడు గుహలో అరుస్తుంటే బయట తోటి రాక్షసులు వచ్చి "నీ దగ్గర ఎవరున్నారు రా? ఎవరు పొడిచారు రా?" అని అడిగారు. వాడు లోపల్నుంచి "ఎవరూలేరు! ఎవరూలేరు!" అని అరిచాడు. లేకపోతే అరుపులెందుకు, పడుకో అని వాళ్ళు వెళ్ళిపోయారు. పాప నవ్వి నవ్వి చాప మీద దొర్లింది. తయారుచేసినవాళ్ళు ఇది చదివితే మళ్ళీ వేసేటప్పుడు వాడుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

ఇక అసలు సంగతి, ఒడిస్సియస్ భార్య పెనెలోపి కార్డు. మేలో నాలుగు రోజులు మంగళగిరిలో మా నాన్న దగ్గరికి వెళ్ళాం, కార్డుల డబ్బా కూడా వచ్చింది. నాన్న నలభై ఏళ్ళు గుంటమగ్గం మీద నేశారు, ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో మానేశారు. మనవరాలు ఒక్కో కార్డూ చూపిస్తుంటే కళ్ళజోడు పెట్టుకుని శ్రద్ధగా చూస్తున్నారు. పెనెలోపి కార్డు రాగానే ఆగి, బొమ్మని వేలితో తట్టి, "అమ్మాయ్, ఈవిడ చేతిలో ఉన్నది రాట్నం. రాట్నం మీద నూలు వడుకుతారు గానీ బట్ట నేస్తారా?" అన్నారు.

నిజమే. నెల రోజులుగా ఆ కార్డు రోజూ చూస్తున్నాను, మగ్గం ఇంట్లో పుట్టి కూడా నాకు తట్టలేదు. వెనక కథేమో మగ్గం కథ. ఒడిస్సియస్ ఇరవై ఏళ్ళు ఇంటికి రాలేదు, చచ్చిపోయాడనుకుని పెనెలోపిని పెళ్ళాడతామని 108 మంది ఇంట్లో దిగి తిని కూర్చున్నారు. మామగారు లాయెర్టీస్ కోసం శవం మీద కప్పే బట్ట నేస్తున్నాను, అది అయ్యాక ఒకర్ని చేసుకుంటాను అంది. పగలంతా నేసేది, రాత్రి దివిటీల వెలుగులో విప్పేసేది. మూడేళ్ళు సాగింది, నాలుగో ఏట పనిమనిషి చెప్పేయడంతో దొరికిపోయింది.

నాన్నకి ఇదంతా చదివి వినిపించాను. ఆయన చాలాసేపు అదే మాట్లాడారు. "నేసింది విప్పడమంటే మాటలా! నాడె ఎన్నిసార్లు దాటించావో అన్నిసార్లూ పేక పోగు, అదే అడ్డం పోగు, వెనక్కి లాగాలి. లాగేటప్పుడు పడుగు పోగు, అదే నిలువు పోగు, ఒక్కటి తెగినా పొద్దున్నే తెలిసిపోతుంది. నేసేదానికి రెండింతల పని అది. అదీ దీపం వెలుగులో." కార్డు మీద పెనెలోపికి బలం 11 అని ఉంది. నాన్న ఆ అంకె చూసి, "మూడేళ్ళు రెండు పూటలా మగ్గం మీద ఉన్న మనిషికి పదకొండా?" అన్నారు. ఆయన అన్న తీరుకి పాప పెన్ను తెచ్చుకుంది, తాతయ్యా ఎంత వెయ్యను అని.

తెలివి 72 అని వేశారు, ఒడిస్సియస్‌కి 96. అదీ తప్పే. భర్త తిరిగొచ్చాక కూడా ఆవిడ వెంటనే నమ్మలేదు. మంచం గదిలోంచి తెచ్చి బయట వెయ్యమని పనిమనిషికి చెప్పింది. ఆ మంచం వేళ్ళతో ఉన్న ఆలివ్ చెట్టు మొద్దుని కాలుగా చేసి కట్టింది, కదలదు, ఆ రహస్యం నిజమైన భర్తకే తెలుసు. ఒడిస్సియస్ కోపంతో అరిచి చెప్పేశాడు, ఆవిడకి నమ్మకం కుదిరింది. అంత తెలివిగలవాడినే పరీక్షలో నిలబెట్టిన మనిషికి 72 ఎలా వేశారు?

ఎథీనా కార్డులోనూ ఇదే లోటు. యుద్ధ దేవత, జ్ఞాన దేవత అన్నారు, నేతకి కూడా ఆవిడే దేవత అని ఒక్క ముక్క లేదు. నేత నేర్పింది భావనాఋషి అని మన పద్మశాలీలు చెప్పుకున్నట్టు, వాళ్ళకి ఎథీనా. ఏథెన్స్‌లో నాలుగేళ్ళకోసారి జరిగే పెద్ద ఉత్సవంలో, నెలల ముందు నుంచి నేసిన కొత్త వస్త్రాన్ని ఊరేగింపుగా తీసుకెళ్ళి కొండ మీదున్న ఎథీనాకి ఇచ్చేవాళ్ళు. దేవుళ్ళు రాక్షసులతో చేసిన యుద్ధమంతా ఆ బట్టలోనే బొమ్మలుగా నేసేవాళ్ళు. మూలా నక్షత్రం రోజు ఇంద్రకీలాద్రి మీద అమ్మవారికి పట్టువస్త్రాలు ఇవ్వడం చూస్తూ పెరిగినవాళ్ళం మనం, ఈ రెండు లైన్లు కార్డు మీద ఉంటే బెజవాడలో ఏ పిల్లకైనా ఏథెన్స్ పక్క ఊరిలా అనిపించేది.

రాట్నం యూరప్‌కి చేరింది ఆ కథలకి చాలా వందల ఏళ్ళ తర్వాత. పెనెలోపి నాటి ఆడవాళ్ళు నూలు వడికింది చేతి కదురుతో, నేసింది నిలువు మగ్గం మీద. పైన అడ్డదూలం, దాన్నుంచి పడుగు పోగులు కిందికి వేలాడతాయి, బిగువు కోసం కింద మట్టి గుండ్లు కడతారు, బట్ట పైనుంచి కిందికి వస్తుంది, నేసేవాళ్ళు నిలబడి అటూ ఇటూ నడుస్తూ నేస్తారు. ఫోన్లో బొమ్మ చూపిస్తే నాన్న ఆశ్చర్యపోయారు. "కాళ్ళకి పనే లేదా? నడిచి నడిచి నేశారా?" అని మళ్ళీ మళ్ళీ పెద్దది చేయించుకుని గుండ్లు ఎలా కట్టారో చూశారు.

తర్వాత పాప నోటుబుక్కులోంచి కాగితం చింపించి, పెన్సిలుతో ఆ నిలువు మగ్గం గీశారు. దూలం, పోగులు, కింద వరసగా గుండ్లు, పక్కన కొంగు బిగించి నిలబడిన ఒక ఆడమనిషి. కార్డు కొలతకి కత్తిరించి, రాట్నం బొమ్మ మీద అన్నం మెతుకులతో అంటించారు. దాంతో ఆ కార్డు మిగతావాటికన్నా లావెక్కింది, కలిపేటప్పుడు వేలికి తగులుతుంది, ఎవరి చేతికి వచ్చిందో ఎదుటివాళ్ళకి తెలిసిపోతోందని మా అక్క కొడుకు రోజూ గొడవ. అయినా పాప దాన్ని పీకనివ్వడం లేదు.