ప్రతి ఓపెన్‌లో ఎన్‌కోడింగ్ రాయాలా, యూటీఎఫ్-8 మోడ్ పెట్టి వదిలేయాలా: ఏది మేలు?

విండోస్‌లో పైథాన్‌తో తెలుగు ఫైలు తెరిస్తే ఎర్రర్ వస్తోంది, ఏం చేయమంటారు అని నెలకు ఇద్దరైనా అడుగుతున్నారు. దారులు ముఖ్యంగా రెండు. ఫైలు తెరిచే ఓపెన్ రాసిన ప్రతిచోటా ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి, యూటీఎఫ్-8 అని చెప్పడం ఒకటి. పైథాన్‌యూటీఎఫ్8 అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి (విండోస్‌లో దాచే ఒక సెట్టింగ్) 1 ఇచ్చి, మొత్తం పైథాన్‌నే యూటీఎఫ్-8 మోడ్‌లో పెట్టేయడం రెండోది. ఈ మోడ్ పైథాన్ 3.7 నుంచీ ఉంది. నేనూ చాలాకాలం దాంతోనే నెట్టుకొచ్చాను, ఈ మిర్చి సీజన్ దాకా.

గుంటూరు యార్డులో కమిషన్ వ్యాపారం చేసే మా బంధువులకి చిన్న స్క్రిప్ట్ రాసిచ్చాను. ఊరికో ఫైలు, అందులో ఊరి పేరు, లాట్ నంబరు, టిక్కీలు (మిర్చి బస్తాలు), తూకం. నేను రాసింది విజయవాడలో, ఉబుంటులో. షాపులో ఉన్నది విండోస్ కాబట్టి వెళ్లినరోజే వేరియబుల్ సెట్ చేసి వచ్చేశాను. రెండేళ్లు ఏ గొడవా లేదు. మార్చిలో ఆ కంప్యూటర్ మొరాయిస్తే ఫార్మాట్ కొట్టించారు. మర్నాడు గుమాస్తా కుర్రాడి ఫోను: "అన్నా, తాడికొండ వస్తోంది, సత్తెనపల్లి రావట్లేదు."

వింటే నవ్వొస్తుంది గానీ అక్షరాలా నిజమే. వేరియబుల్ ఫార్మాట్‌లో పోయింది కదా, పైథాన్ మళ్లీ విండోస్ డిఫాల్ట్ అయిన సీపీ1252 అనే పాత ఎన్‌కోడింగ్‌కి వెళ్లిపోయింది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కోటీ మూడేసి బైట్లు. సీపీ1252 ఆ మూడింటినీ మూడు వేర్వేరు అక్షరాలుగా చదువుకుంటుంది. అయితే అందులో ఐదు బైట్లకి అసలు అక్షరమే లేదు. హెక్స్‌లో, అంటే పదహారు అంకెల లెక్కలో, 81, 8డి, 8ఎఫ్, 90, 9డి. మన కొమ్ము చివరి బైటు 81. పొల్లుది 8డి. ఏ, ఐ, ఝ అక్షరాల చివరి బైట్లు కూడా ఈ ఐదింట్లోనే పడతాయి. తెలుగులో ఒత్తులన్నీ లోపల పొల్లుతోనే తయారవుతాయి కాబట్టి సత్తెనపల్లి, మాచర్ల, బాపట్ల ఆగిపోయాయి. తాడికొండ, తెనాలి, మంగళగిరి, అమరావతి సాఫీగా దాటేశాయి. ఆ లెక్కన విజయవాడ దాటుతుంది, గుంటూరు దాటదు. కావాలంటే ఒక ఫైల్లో గుంటూరు అని మాత్రమే రాసి చదివించి చూడండి, పొజిషన్ 5లో 81 అనే బైట్ దగ్గర ఆగిపోయిందని చెబుతుంది.

దాటేసిన ఊళ్లే ఎక్కువ ప్రమాదం. సీపీ1252లో తప్పుగా చదివి, మళ్లీ సీపీ1252లోనే రాస్తే బైట్లు మొదట ఎలా ఉన్నాయో అలాగే బయటికొస్తాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే శుభ్రమైన తెలుగు. కానీ ప్రోగ్రామ్ లోపల తెనాలి పొడవు 6 బదులు 18. ఊరి పేరు చూసి హమాలీ రేటు వేసే లైను ఏ ఊరినీ గుర్తుపట్టక, అన్నిటికీ మామూలు రేటే వేసుకుంటూ పోయింది. సత్తెనపల్లి ఆగబట్టి సరిపోయింది. లేకపోతే ఆ తేడా ఎన్నాళ్లకు పట్టుబడేదో.

నా మనసు మారింది ఇక్కడే. యూటీఎఫ్-8 మోడ్ మెషిన్‌తో ఉంటుంది, రాసిన ఎన్‌కోడింగ్ స్క్రిప్ట్‌తో ఉంటుంది. ఇంకొకరి కంప్యూటర్‌లో నడిచే కోడ్‌కి, రేపు వాళ్లు ఏ లాగిన్‌తో తెరుస్తారో, ఏ షాపులో ఫార్మాట్ కొట్టిస్తారో నాకు తెలియని కోడ్‌కి, నేను ఇక మొదటిదే.

అలాగని మోడ్‌ని తీసిపారేయడానికి లేదు. మీరు రాయని లైబ్రరీ లోపల ఎవరో ఎన్‌కోడింగ్ మర్చిపోయి ఉంటే మీ చేతిలో ఏమీ ఉండదు, అక్కడ ఇదే దిక్కు. ప్రింట్ అవుట్‌పుట్‌ని ఫైల్లోకి మళ్లించినప్పుడు వచ్చే ఎర్రర్ కూడా దీంతోనే పోతుంది. మొదటి దారిలో దానికి విడిగా ఎస్‌టీడీఅవుట్‌ని (ప్రింట్ రాసే చోటు) రీకాన్ఫిగర్ చేసుకోవాలి. సొంత ల్యాప్‌టాప్‌లో, క్లాసులో పిల్లలకి నేర్పేటప్పుడు నేను ఇప్పటికీ మోడ్ పెట్టుకునే కూర్చుంటాను.

మర్చిపోతామన్న భయానికి మందు ఉంది. పైథాన్ 3.10 నుంచి వార్న్ డిఫాల్ట్ ఎన్‌కోడింగ్ అనే ఎక్స్ ఆప్షన్ (కమాండ్‌లో -X పక్కన రాసేది) ఇచ్చి నడిపితే, ఎన్‌కోడింగ్ చెప్పని ఓపెన్ తగిలినప్పుడల్లా వార్నింగ్ ఇస్తుంది. పాత్‌లిబ్ లైబ్రరీలో ఫైలు చదివే రీడ్ టెక్స్ట్‌ని కూడా పట్టేస్తుంది.

లాటిన్-1 అనే ఇంకో పాత ఎన్‌కోడింగ్ పెడితే ఎర్రర్ పోయిందండీ అనేవాళ్లు ఉన్నారు. పోతుంది, 256 బైట్లకీ దాని దగ్గర ఏదో ఒక అక్షరం ఉంది మరి. పైన చెప్పిన తెనాలి గతే అన్ని ఊళ్లకీ పడుతుంది. చదవలేని బైట్లను వదిలేయమనే ఎర్రర్స్ ఇగ్నోర్ ఇంకా అన్యాయం, 81ని పారేస్తే గుంటూరులో కొమ్ములు ఇక తిరిగి రావు. పైథాన్ 3.15లో యూటీఎఫ్-8 మోడే డిఫాల్ట్ అని పెప్ 686 (పైథాన్‌లో మార్పుల ప్రతిపాదన పత్రం) నిర్ణయించింది; జావా ఆ పని 2022లో జేడీకే 18తోనే చేసేసింది. మంచిదే, కానీ షాపు కంప్యూటర్‌లో ఉన్నది 3.8.

మా స్క్రిప్ట్‌లో ఓపెన్‌లు పదకొండు తేలాయి. పావుగంట పని. పదింటికి యూటీఎఫ్-8 పెట్టాను. పదకొండోది ఆడిటర్‌కి పంపే సీఎస్‌వీ, ఆయన ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరుస్తారు. దానికి మాత్రం యూటీఎఫ్-8-సిగ్ (ఫైలు మొదట్లో మూడు బైట్ల గుర్తు పెట్టే యూటీఎఫ్-8) పెట్టాల్సి వచ్చింది. ముందు ఆ మూడు బైట్ల గుర్తు కనపడకపోతే ఎక్సెల్ కూడా సీపీ1252 పాటే పాడుతుంది.