వేప్ ఛార్జ్ ఎక్కట్లేదా? తప్పు సెల్‌దా, డివైస్‌దా తేల్చే ఎక్స్‌టార్ వీసీ4 ఛార్జర్ రివ్యూ

వేప్ (ఈ-సిగరెట్) వాడేవాళ్ళు ఎక్కువగా అడిగేది ఒకటే, "రాత్రంతా పెట్టినా ఛార్జ్ ఎక్కట్లేదు, బ్యాటరీ పోయిందా, డివైస్ పోయిందా?" అని. దీనికి ఊహతో జవాబు చెప్పేవాళ్ళు చాలామంది, కొత్తది కొనేయమనేవాళ్ళు ఇంకా ఎక్కువ. సెల్ బయటికి తీయగలిగే మోడ్ (పవర్ మార్చుకోగలిగే పెద్ద రకం వేప్ డివైస్) మీ దగ్గర ఉంటే, కొత్త డివైస్ కంటే ముందు కొనాల్సింది విడిగా ఒక ఛార్జర్. నేను వాడుతున్నది ఎక్స్‌టార్ వీసీ4. బ్యాటరీ నింపడం ఏ ఛార్జరైనా చేస్తుంది, కానీ గోల మొదలయ్యేది ఎక్కడో ఇది చూపిస్తుంది, నాకు నచ్చింది అందుకే.

ముందు ఒక మాట. నికోటిన్ అలవాటు లేనివాళ్ళు దీని జోలికి రావద్దు, ఈ రివ్యూ వాళ్ళని లాగడానికి రాసింది కాదు. ఇప్పటికే వాడుతున్నవాళ్ళు జేబులో లిథియం సెల్ పెట్టుకుని తిరుగుతున్నారు, ఆ సెల్ గురించి వాళ్ళకి సరిగ్గా తెలియాలి. అంతే.

వీసీ4లో నాలుగు స్లాట్లు ఉంటాయి. 18650 (18 మిల్లీమీటర్ల వెడల్పు, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే సైజు) లాంటి లిథియం అయాన్ సెల్స్‌తో పాటు మామూలు రీఛార్జబుల్ డబుల్ ఏ సెల్స్ కూడా పడతాయి. రెండు సెల్స్ పెడితే ఒక్కోదానికి 1 ఆంపియర్ దాకా, నాలుగూ పెడితే ఒక్కోదానికి అర ఆంపియర్ ఇస్తుంది. 3000 ఎంఏహెచ్ (సెల్ ఎంత ఛార్జ్ పట్టగలదో చెప్పే కొలత) సెల్ ఖాళీగా పెడితే 1 ఆంపియర్ మీద దాదాపు 4 గంటలు పడుతుంది, అర ఆంపియర్ మీద ఇంకా చాలా ఎక్కువ. చివర్లో అంత ఆలస్యం ఎందుకని చాలామంది విసుక్కుంటారు. సెల్ 4.2 వోల్టుల దగ్గరికి వచ్చాక ఛార్జర్ వోల్టేజ్‌ని అక్కడే పట్టి ఉంచి కరెంట్‌ని మెల్లగా తగ్గించుకుంటూ పోతుంది, లిథియం సెల్‌ని నింపే సరైన పద్ధతే అది. కాబట్టి చివరి కొంచెం లాగుతుంటే ఛార్జర్ చెడిపోయిందని అనుకోవద్దు.

స్క్రీన్ మీద ఒక్కో సెల్‌కి వోల్టేజ్, కరెంట్ కారు మీటర్‌లో ముల్లు లాగా కనిపిస్తాయి, ఎన్ని ఎంఏహెచ్ ఎక్కిందో మాత్రం అంకెల్లో చూపిస్తుంది. నాకు బాగా పనికొచ్చేది ఈ అంకే. మోడ్‌లో "వీక్ బ్యాటరీ" అని వచ్చేదాకా వాడి సెల్ తీసి పెట్టండి, నిండాక ఆ అంకె రాసుకోండి. సెల్ కొత్తగా ఉన్నప్పుడు వచ్చిన అంకె మీ కొలబద్ద. మోడ్‌లు సెల్‌ని పూర్తిగా పిండవు, చాలావరకు 3.2 వోల్టుల చుట్టుపక్కలే ఆపేస్తాయి, అందుకని సెల్ మీద రాసి ఉన్న పూర్తి సంఖ్య రాలేదని టెన్షన్ పడక్కర్లేదు. కానీ కొన్ని నెలలకి అదే సెల్‌లో ఎక్కేది మొదట్లో కంటే బాగా తగ్గిపోతే, "ఛార్జ్ నిలవట్లేదు" అన్న మీ ఫిర్యాదుకి జవాబు దొరికినట్టే, సెల్ ముసలిదైంది. డివైస్‌ని తిట్టుకుని లాభం లేదు.

నా దగ్గరున్న ఒక మోడ్, దాని పేరు అనవసరం, యూఎస్‌బీ పెడితే ఛార్జింగ్ గుర్తు వచ్చి పోతుండేది. సెల్ తీసి వీసీ4లో పెడితే హాయిగా నిండింది, తిరిగి మోడ్‌లో వేస్తే మామూలుగా పనిచేసింది. అంటే సెల్ బాగుంది, లిక్విడ్‌ని వేడిచేసే కాయిల్‌కి పవర్ ఇచ్చే భాగం బాగుంది, పోయింది ఛార్జింగ్ పోర్ట్ ఒక్కటే. ఆ పోర్ట్‌ని ఇక ముట్టుకోకుండా ఛార్జింగ్ అంతా బయటే చేస్తున్నాను, ఆ మోడ్ ఇంకా నడుస్తోంది. ఛార్జర్ లేకపోతే అది చెత్తలోకి పోయేదే.

దీనికి తిరగబడిన కేసు కూడా ఉంటుంది. ఛార్జర్‌లో సెల్ చక్కగా నిండుతుంది, నిండిన సెల్ మోడ్‌లో వేసి నొక్కితే వెంటనే "వీక్ బ్యాటరీ" అంటుంది. ఇక్కడ చాలామంది మోడ్ పోయిందనుకుంటారు, నేను మాత్రం ముందు వాట్స్, అంటే మోడ్‌లో ఎంత పవర్ పెట్టుకున్నామో చూస్తాను. ఒకే సెల్ ఉన్న మోడ్‌లో 50 వాట్స్ పెడితే, సెల్ 3.5 వోల్టుల దగ్గర ఉన్నప్పుడు 14 ఆంపియర్లకి పైనే లాగాలి, మోడ్ సర్క్యూట్ బోర్డ్‌లో వృథా అయ్యేది కలుపుకుంటే 16 దాకా పోతుంది. ఛార్జ్ తగ్గేకొద్దీ వోల్టేజ్ పడిపోతుంది, అదే 50 వాట్స్ కోసం మోడ్ ఇంకా ఎక్కువ ఆంపియర్లు గుంజుతుంది. అంత ఇవ్వలేని సెల్ అయితే నొక్కగానే వోల్టేజ్ కూలిపోతుంది, మోడ్ ఆగిపోతుంది. శామ్‌సంగ్ 25ఆర్ లాంటిది 2500 ఎంఏహెచ్ మాత్రమే, కానీ 20 ఆంపియర్లు ఇస్తుంది. ల్యాప్‌టాప్ ప్యాక్‌లకోసం చేసిన ఎక్కువ ఎంఏహెచ్ సెల్స్‌లో చాలావాటికి అందులో సగం కూడా చేతకాదు. ఎంఏహెచ్ చూసి సెల్ కొనేవాళ్ళు ముందు ఆంపియర్లు చూడటం అలవాటు చేసుకోవాలి. 18650 మీద 9900 ఎంఏహెచ్ అని రాసి ఉంటే అది పచ్చి అబద్ధం, ఆ సైజులో మంచి కంపెనీలు ఇచ్చేదే దాదాపు 3500. అలా అబద్ధం రాసినవాడు ఆంపియర్ల దగ్గర నిజం రాస్తాడని నమ్మి నోటి దగ్గర పెట్టుకోవద్దు.

వాట్స్ తగ్గించినా అదే మెసేజ్ వస్తుంటే కాంటాక్ట్స్ చూడండి. సెల్ తీసేసి చూస్తే మోడ్ లోపలి స్ప్రింగ్, పిన్, ఆటమైజర్ (కాయిల్, లిక్విడ్ ఉండే పై భాగం) బిగించే 510 కనెక్టర్ మధ్యలో ఉండే పిన్, వీటిమీద లిక్విడ్ జిగురు పేరుకుని ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో తుడిచి పూర్తిగా ఆరనిచ్చి వేస్తే చాలాసార్లు సమస్య అక్కడితో పోతుంది.

వీసీ4లో ఒక విషయం నేను మెచ్చుకోను. పూర్తిగా చచ్చిపోయిన, 0 వోల్టులకి పడిపోయిన సెల్‌ని కూడా ఇది లేపడానికి ప్రయత్నిస్తుంది, దాన్ని ఒక సదుపాయంగానే చెప్తారు. టార్చ్‌లైట్ వాళ్ళకి అది నచ్చొచ్చు, వేప్ వాడేవాళ్ళకి వద్దు. లిథియం సెల్ బాగా లోతుకి దిగిపోయి అలాగే ఉండిపోతే లోపల ఉండే రాగి రేకు కరగడం మొదలవుతుంది, మళ్ళీ ఛార్జ్ చేసినప్పుడు ఆ రాగి వేరే చోట పేరుకుని లోపలే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. అలాంటి సెల్ నిండినట్టు కనిపించినా దాన్నుంచి 15 ఆంపియర్లు లాగే ధైర్యం నాకు లేదు, మీకూ ఉండకూడదు. 2 వోల్టుల కింద చాలాకాలం పడి ఉన్న సెల్‌ని వదిలేయండి. రెండు చివర్లకీ టేప్ వేసి బ్యాటరీలు, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి, మామూలు చెత్తలో పడేయొద్దు.

ఇంకో లోటు, వోల్టేజ్ అంకెల్లో లేకపోవడం. ముల్లుని బట్టి సుమారుగా తెలుస్తుంది గానీ 4.15కీ 4.05కీ తేడా కనిపించదు. దానికి చిన్న మల్టీమీటర్ కావాలి. నిండిన సెల్‌ని తీసి కొలవండి, మర్నాడు మళ్ళీ కొలవండి. 4.2 నుంచి 4.15 దాకా దిగితే ఏమీ కాదు. ఊరికే పడుకుని 4 వోల్టులకి వచ్చేసిందంటే ఆ సెల్‌లో ఛార్జ్ లోపల్లోపలే పోతోంది, వాడకండి. రెండు సెల్స్ మోడ్ వాడేవాళ్ళు ఒకేసారి కొన్న ఒకే రకం రెండిటినీ జంటగా కట్టి, కలిపే వాడి, కలిపే ఛార్జ్ చేయాలి. ఒకటి పాతది, ఒకటి కొత్తది వేస్తే బలహీనమైనది ముందే అడుగంటుతుంది, "చెక్ బ్యాటరీ", "బ్యాటరీ ఇంబ్యాలెన్స్" లాంటి మెసేజ్‌లు అందుకే వస్తాయి.

సెల్‌ని చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ పైన చుట్టిన ప్లాస్టిక్ ర్యాప్ చూడండి. 18650లో పాజిటివ్ చివర తప్ప మిగతా లోహపు డబ్బా అంతా నెగటివే, పాజిటివ్ పక్కనే ఉన్న అంచు కూడా. అక్కడ ర్యాప్ చిరిగితే మోడ్ పిన్ రెండిటినీ తాకి నేరుగా షార్ట్ అవుతుంది. కొత్త ర్యాప్ వేయించడానికి పెద్దగా ఖర్చు కాదు, కానీ గాటు పడిన, సొట్ట పోయిన సెల్‌కి ర్యాప్ మార్చి లాభం లేదు. తాళాలు, చిల్లర ఉన్న జేబులో విడి సెల్ వేసుకోవద్దు, కేస్‌లో పెట్టండి.

పాడ్ వాడేవాళ్ళకి, అంటే బ్యాటరీ లోపలే ఉండి తీయడానికి వీల్లేనివాటికి, ఈ ఛార్జర్‌తో పని లేదు. వాళ్ళు చూసుకోవాల్సింది వేరే. బటన్ ఉన్న డివైస్ అయితే వరసగా 5 సార్లు నొక్కి చూడండి, లాక్ పడిన దాన్ని చచ్చిపోయిందనుకునేవాళ్ళు చాలామంది. తర్వాత కేబుల్ మార్చండి. రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్‌తో ఛార్జ్ అవ్వకపోతే, ఒకవైపు పాత వెడల్పాటి యూఎస్‌బీ ఉన్న కేబుల్‌తో ప్రయత్నించండి. చవక డివైస్‌లలో టైప్-సి పోర్ట్ పెట్టి, "నాకు కరెంట్ కావాలి" అని ఛార్జర్‌కి తెలియజేసే 5.1 కిలోఓమ్ రెసిస్టర్లు పెట్టకుండా వదిలేస్తారు, అప్పుడు సి-టు-సి కేబుల్‌లో అసలు కరెంటే రాదు. డివైస్ పోయిందని పారేసినవాటిలో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో అని బాధేస్తుంది. పోర్ట్‌లో జేబు దూది ఇరుక్కుంటే డివైస్ ఆఫ్ చేసి చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయండి, పిన్నీసు మాత్రం పెట్టొద్దు. ఇవన్నీ అయ్యాక కూడా ఎక్కకపోతే విప్పి చూడాలన్న ఆలోచన మానుకోండి, లోపల ఉండేది పలచటి రేకు కవర్‌లోని సెల్, స్క్రూడ్రైవర్ తగిలితే మంట. ఉబ్బినా, వేడెక్కినా, తియ్యటి రసాయనం వాసన వచ్చినా ఛార్జింగ్ అక్కడే ఆపేయండి.

వీసీ4కి తిరిగి వస్తే, దీనికి పాత మైక్రో యూఎస్‌బీ పోర్ట్ ఉంటుంది, టైప్-సికి అలవాటు పడిన చేతికి అది కొంచెం చిరాకు. పెట్టెలో కేబుల్ వస్తుంది, గోడకి పెట్టే అడాప్టర్ రాదు. 5 వోల్టులు, 2 ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ లేకుండా ల్యాప్‌టాప్ పోర్ట్‌కి తగిలిస్తే చాలా నెమ్మదిగా ఎక్కుతుంది, ఛార్జర్ బాగోలేదని రాసేవాళ్ళు ముందు తాము దేనికి తగిలించారో చూసుకోవాలి. 5కి 4 ఇస్తాను. చచ్చిన సెల్‌ని లేపే తీరు, అంకెల్లో వోల్టేజ్ లేకపోవడం, వీటికి ఒకటి తగ్గించాను. రెండు సెల్స్ మోడ్ ఉండి ఇంకో జంట సెల్స్ కూడా వాడేవాళ్ళకి నాలుగు స్లాట్లు సరిగ్గా సరిపోతాయి. ఒక్క సెల్‌తో సరిపెట్టుకునేవాళ్ళకి నాలుగు అక్కర్లేదు, రెండు స్లాట్ల వీసీ2 చాలు. ఏది కొన్నా నేల మీద, మంట అంటుకునేవి పక్కన లేని చోట పెట్టి, మీరు మెలకువగా ఉన్నప్పుడే ఛార్జ్ చేయండి, అడాప్టర్‌తో పాటు ప్లాస్టిక్ సెల్ కేస్ కూడా ఒకటి తెప్పించుకోండి.