రెండో టీవీకి నెలకి యాభై అన్నాడు, బాక్సు తన నంబరు మీద పెట్టుకున్నాడు

నెల్లూరు చుట్టుపక్కల ఇంట్లో రెండో టీవీకి డిష్ కనెక్షన్ తీసుకోబోతున్నవాళ్లు ఒక్క నిమిషం ఇది చదివి పోండి. డబ్బులు ఇచ్చేముందే ఆ బాక్సు ఎవరి ఐడీ కింద, ఏ ఫోన్ నంబరు మీద యాక్టివేట్ అవుతోందో మీ కళ్లతో చూసుకోండి. నేను చూసుకోలేదు, అదీ నా కథ.

మాది కోవూరు. సంక్రాంతికి హాల్లోకి 43 అంగుళాల టీవీ కొన్నాం. పాత 32 అంగుళాలది నిక్షేపంలా ఉంటే ఎక్స్ఛేంజిలో ఎనిమిది వందలకి ఇయ్యబుద్ధి కాలేదు. వెనక గదిలో అమ్మకి పెట్టాం. అమ్మకి సాయంత్రం ఏడు నుంచి పది దాకా సీరియళ్లు ఉండాలి. అదే టైముకి హాల్లో పిలకాయలకి క్రికెట్. ఆ మూడు గంటల గొడవ తీరాలంటే రెండో బాక్సు తప్పదు.

నెల్లూరులో ఒక డీలర్ షాపుకి పోయినాను. పేరు రాయను. "నెలకి యాభై రూపాయలేన్నా, రెండో టీవీకి గవర్నమెంటు రూలే ఉండాది. బాక్సు 1,500, ఫిట్టింగు 300. సాయంత్రానికల్లా పిలగాడు వచ్చి బిగిస్తాడు" అన్నాడు. బిల్లు అడిగితే "ఫోన్‌పే చేస్తే అదే బిల్లు గదన్నా" అన్నాడు. కంపెనీకి కాదు, తన సొంత నంబరుకే చేయించుకున్నాడు. నేను చేసినాను. నలభై ఏళ్లు నిండినోణ్ణి.

ఆ యాభై ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత తెలిసింది. 2019 ఫిబ్రవరి నుంచి టీవీ కనెక్షన్లకి రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ ట్రాయ్ కొత్త టారిఫ్ పెట్టినప్పుడు, కనెక్షన్ కోసం కట్టే నెట్‌వర్క్ ఫీజు నెలకి 130 రూపాయలు దాటకూడదంది. జీఎస్టీతో 153 చిల్లర. 2020 సవరణలో, ఒకే ఇంట్లో రెండో టీవీకైతే అందులో 40 శాతం మించి వసూలు చేయకూడదంది. లెక్కేస్తే 52. షాపుల్లో చెప్పే యాభై అదే. అయితే ఆ 52 ఒట్టి నెట్‌వర్క్ ఫీజు. పే ఛానెళ్ల డబ్బు ప్రతి బాక్సుకీ విడిగా కట్టాల్సిందే. పైగా 2024 జులైలో ట్రాయ్ ఆ ఫీజు పరిమితినే ఎత్తేసింది. ఇప్పుడు ఏ కంపెనీ రేటు ఆ కంపెనీది, వాళ్ల సైటులోనో యాప్‌లోనో చూసుకోవాలి. ఎప్పుడో పోయిన రూలు పేరు చెప్పి షాపువాడు నాకు బాక్సు అమ్మాడన్నమాట.

సరిగ్గా నెలకి అమ్మ టీవీలో బొమ్మ పోయి రీచార్జి చేసుకోమని వచ్చింది. యాభై కడదామని నా యాప్ తెరిస్తే అందులో హాల్లో బాక్సు ఒక్కటే ఉంది. రెండోది లేనే లేదు. బాక్సు కింద స్టిక్కర్ మీది కార్డు నంబరు టార్చి వేసి చదివి కస్టమర్ కేర్‌కి చెప్పాను. ఆ అమ్మాయి, "సార్, ఇది మీ అకౌంట్‌లో లేదు, వేరే కొత్త కనెక్షన్. నెలకి 282 కట్టాలి" అంది. నా నంబరు చెబితే సరిపోవడం లేదంది. రిజిస్టర్ అయిన నంబరు చివరి అంకెలు ఏమిటంటే చెప్పకూడదంది. నాకు అనుమానం వచ్చి ఫోన్‌పేలో షాపువాడి నంబరు తీసి చివరి నాలుగు అంకెలు చదివాను. "అవును సార్, అదే" అంది.

మా అమ్మ గదిలో బాక్సు, మా ఇంటి మీద డిష్, నా డబ్బు. కనెక్షన్ మాత్రం వాడిది. ప్యాక్ మార్చాలన్నా, ఒక ఛానెల్ తీసేయాలన్నా ఓటీపీ వాడి ఫోనుకే పోతుంది. ఒకే ఐడీలో రెండు బాక్సులుండే మల్టీ టీవీ కింద నా ఐడీకి కలపమంటే, విడిగా యాక్టివేట్ అయినదాన్ని కలపడం కుదరదు, మళ్లీ కొత్త బాక్సే తీసుకోవాలన్నారు. వాడెందుకు అట్టా చేశాడంటే, కొత్త కనెక్షన్ ఇప్పిస్తే దక్కే కమీషన్ కోసమేనని నా అనుమానం.

ఇంకో సంగతి. ఆ పిలగాడు బిగించినప్పటి నుంచి అమ్మ ఒకటే సణుగుడు. "అబ్బయా, నా ఛానెలు మీరు అట్ట మార్చగానే ఇట్ట పోతావుంది" అని. ముసలామె రిమోట్ తప్పు నొక్కుతోందిలే అనుకున్నాను. నిజంగానే హాల్లో ఛానెల్ మారిస్తే వెనక గదిలో నో సిగ్నల్ వస్తోంది. మిద్దె ఎక్కి చూస్తే, డిష్ దగ్గర ఒకే కేబులు దిగి, పిట్టగోడ పక్కన ఒక చిన్న స్ప్లిట్టర్ పెట్టి రెండుగా చీల్చాడు. అరవై రూపాయల వస్తువు. పైన ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేశాడు.

కేబుల్ రోజుల్లో అది చెల్లింది. నల్ల వైరు చీలిస్తే రెండు గదుల్లోనూ బొమ్మ వచ్చేది, బాక్సే ఉండేది కాదు. 2017 మార్చితో అనలాగ్ కేబుల్ మూతపడ్డాక ఏ టీవీకి ఆ టీవీకి బాక్సు ఉండాలి. డిష్‌కైతే చీల్చడమూ చెల్లదు. డిష్ ముందు ముక్కులా ఉండే ఎల్ఎన్‌బీకి బాక్సే కరెంటు పంపుతుంది. కొన్ని ఛానెళ్లకి 13 వోల్టులు, కొన్నిటికి 18. ఒకే వైరు మీద రెండు బాక్సులు రెండు రకాలుగా అడిగితే ఎల్ఎన్‌బీ ఒకరి మాటే వింటుంది. అందుకే అమ్మ సీరియల్ పోయేది. పాపం, నెల రోజులు ఆమెనే తప్పు పట్టాను. కావాల్సింది రెండు కొనలున్న ట్విన్ ఎల్ఎన్‌బీ, ఒక్కో బాక్సుకీ విడి కేబులు. నాకు కేబులుతో కలిపి ఆరు వందల లోపే అయింది. 300 ఫిట్టింగ్ చార్జీ తీసుకున్నవాడు మొదటే చెప్పుంటే సంతోషంగా ఇచ్చేవాణ్ణి.

షాపుకి పోయి నిలదీస్తే మొదట "సిస్టమ్‌లో అట్టే వస్తదన్నా" అన్నాడు. ఫోన్‌పే స్క్రీన్‌షాట్, కస్టమర్ కేర్ ఇచ్చిన కంప్లయింట్ నంబరు చూపించి, 1915కి చేస్తానన్నాను. అది నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్. అప్పుడు దిగి 700 వెనక్కి వేశాడు. మిగిలిన 1,100 కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌కి పోవచ్చు. 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. కానీ బిల్లే లేకుండా పోయి ఏం చూపించాలి? ట్రాయ్‌కి రాస్తే తీరుస్తారని కొందరన్నారు గానీ, ఒక్కొక్కరి ఫిర్యాదులు ట్రాయ్ చూడదు. కంపెనీ కస్టమర్ కేర్ వినకపోతే ఫిర్యాదుల కోసం వాళ్లు పెట్టిన నోడల్ ఆఫీసర్‌కే రాయాలి.

నెలకి 282 తప్పించుకుందామని నేను చూసిన మిగతా దారులూ చెబుతా. హాల్లో బాక్సు వెనక ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులుంటాయి. దాని నుంచి ఏవీ కేబులు లాగితే రెండో టీవీలో నెల ఖర్చు లేకుండా బొమ్మ వస్తుంది. కానీ రెండు టీవీల్లో ఒకటే ఛానెల్. మా గొడవే అది కాబట్టి మాకు పనికిరాలేదు. ముసలివాళ్లిద్దరే ఉండే ఇంట్లో, హాలుకీ వంటింటికీ అయితే ఇంతకన్నా చవక లేదు. దూరదర్శన్ వాళ్ల డీడీ ఫ్రీ డిష్‌కి బాక్సు, డిష్ ఒకసారి కొంటే చాలు, నెలనెలా కట్టేది లేదు. సప్తగిరి వస్తుంది, అమ్మ చూసే పే ఛానెళ్లు రావు. యాప్‌లలో సీరియళ్లున్నాయి, కానీ వేటికవే చందాలు. నాలుగు ఛానెళ్ల సీరియళ్లకి నాలుగు యాప్‌లు తిప్పడం మా అమ్మ వల్ల కాదు, నా వల్లా కాదు.

"మూడున్నర వేలకి లైఫ్‌టైమ్, అన్ని ఛానెళ్లూ" అనే ఆండ్రాయిడ్ బాక్సు జోలికి మాత్రం పోకండి. మా బావమరిది ఒంగోల్లో కొన్నాడు. ఆ లైఫ్‌టైమ్ నాలుగు నెలలకే ముగిసింది. అవి దొంగ ప్రసారాలు, ఆగిపోతే అడగడానికి మనిషి ఉండడు.

చివరికి నేనే కంపెనీ యాప్‌లో నా ఐడీలోకి పోయి, మల్టీ టీవీ అని ఉన్నచోట రెండో బాక్సు బుక్ చేశాను. టెక్నీషియన్ వచ్చినప్పుడు పక్కనే నిలబడ్డాను. ఓటీపీ నా ఫోనుకి వచ్చింది, యాప్‌లో రెండు కార్డు నంబర్లూ ఒకదాని కింద ఒకటి కనబడ్డాకే ఆయన్ని పంపించాను. అమ్మకి కావాల్సిన నాలుగు ఛానెళ్లే పెట్టాం. ఇప్పుడు ఆమె బాక్సుకి నెలకి 140 లోపే పడుతోంది.

పాత బాక్సు బీరువా మీద పడుంది. దానికి రీచార్జి చేసుకోమనే మెసేజీలు మాత్రం ఆ షాపువాడి ఫోనుకే పోతుంటాయి. పోనీ, చదువుకోనీ.