డైవింగ్ సామాను కొంటున్నారా? కొత్తదని చెప్పి నాకు అద్దె సెట్ అమ్మారు

కోపం తగ్గాక రాద్దామంటే ఆలోగా మీలో ఇంకొకరు వెళ్లి డబ్బు కట్టేస్తారు. అందుకే ఇప్పుడే రాస్తున్నా. గోపాల్‌పూర్, ఛత్రపురం, బరంపురం వైపు నుంచి డైవింగ్ సామాను కోసం వెళ్లేవాళ్లంతా దయచేసి చివరిదాకా చదవండి. కేసు వేస్తున్నాను కాబట్టి షాపు పేరు ఇక్కడ రాయడం లేదు. మనవాళ్లు రైలెక్కి వెళ్లి కొనే ఆ షాపు మీలో చాలామందికి తెలిసిందే. కోర్సులూ వాళ్లే నడుపుతారు, టూరిస్టులనూ వాళ్లే నీళ్లలో దింపుతారు, సామానూ వాళ్లే అమ్ముతారు.

నా సంగతి క్లుప్తంగా చెప్తా. మాది గోపాల్‌పూర్, వేటకి వెళ్లే కుటుంబం. నేను ఓపెన్ వాటర్, అడ్వాన్స్‌డ్ అనే డైవింగ్ కోర్సులు రెండూ పాసయ్యాను. బోటు ప్రొపెల్లర్‌కి చుట్టుకున్న వలలు కోయడం, తెగిపోయిన లంగరు వెతికి తీయడం లాంటి పనులు వస్తుంటాయి. అండమాన్ వెళ్లి డైవ్‌మాస్టర్ కోర్సు, అంటే డైవర్లకి గైడుగా ఉండే కోర్సు, చేద్దామని ఆశ. సొంత సెట్ ఉంటే పనికీ కోర్సుకీ పనికొస్తుందని రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించేది), ఆక్టోపస్ (అవసరానికి ఉంచుకునే రెండో మౌత్‌పీస్), ప్రెషర్ గేజ్, బీసీడీ (గాలి నింపి తేలడానికి వేసుకునే జాకెట్), డైవ్ కంప్యూటర్ (లోతూ టైమూ చూపించి ప్రతి డైవ్‌నీ రాసిపెట్టేది) అన్నీ కలిపి తీసుకున్నా. లక్షా పద్దెనిమిది వేలు. అందులో సగానికి పైగా మా అమ్మ చిట్టీ పాడి ఇచ్చిన డబ్బు.

అదే సెట్ ఆన్‌లైన్‌లో పద్నాలుగు వేలు తక్కువకి ఉంది. ఆ మాట షాపులో చెప్తే ఓనరు నవ్వి, "ఆన్‌లైన్ వాడు నీకు సర్వీసు చేస్తాడా? నీళ్లలో ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చేస్తావ్? ఇక్కడ నేనున్నాను కదయ్యా" అన్నాడు. ఆ మాటకే ఆ పద్నాలుగు వేలు ఎక్కువ పెట్టాను. రెగ్యులేటర్ అంటే ఊపిరి. సిలిండర్‌లో ఉండే 200 బార్ ఒత్తిడిని, సిలిండర్‌కి తగిలించే ఫస్ట్ స్టేజ్ దాదాపు 9, 10 బార్‌కి దింపుతుంది. నోట్లో పెట్టుకునే సెకండ్ స్టేజ్ దాన్ని మన చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సరిపెట్టి ఇస్తుంది. అలాంటి వస్తువు వెనక తెలిసిన మనిషి ఒకడుండాలని ఎవరైనా కోరుకుంటారు. ఆ నమ్మకానికే వాళ్లు రేటు కట్టారు.

ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో టైమ్, తేదీ సెట్ చేద్దామని మెనూలు తిప్పుతుంటే హిస్టరీ వచ్చింది. నేను ఒక్కసారి కూడా నీళ్లలో ముంచని కంప్యూటర్‌లో 212 డైవ్‌లు ఉన్నాయి. చెయ్యి వణికింది. లాగ్, అంటే ఆ డైవ్‌ల చిట్టా, తెరిచి ఒక్కొక్కటీ చూశా. పొద్దున్నించి సాయంత్రం దాకా రోజుకి నాలుగేసి, ఐదేసి డైవ్‌లు. ఒక్కొక్కటి పావుగంట, ఇరవై నిమిషాలు. లోతు ఆరు నుంచి తొమ్మిది మీటర్లు. డైవింగ్ తెలిసినవాళ్లకి ఇంకేమీ చెప్పక్కర్లేదు. కోర్సు చేయని టూరిస్టుల్ని గైడు పట్టుకుని ఒకసారి దింపి తీసే ట్రయల్ డైవ్‌లు అవి. ఆ డైవ్‌లకి 12 మీటర్లు దాటనివ్వరు. అంటే నా చేతికి పెట్టింది వాళ్ల అద్దె సామాను. తేదీలన్నీ నా బిల్లు తేదీకి ముందువే.

వెంటనే ఓనరుకి ఫోన్ చేశా. "అదా, ఫ్యాక్టరీ టెస్టింగ్ బాబూ, అన్నింటికీ ఉంటుంది" అన్నాడు. ఫ్యాక్టరీలో రోజుకి ఐదుసార్లు, మధ్యాహ్నం భోజనం టైముకి ఆపి మరీ టెస్ట్ చేస్తారా అని అడిగితే ఫోన్ పెట్టేశాడు.

అప్పుడు మిగతావన్నీ బయటికి తీసి వెలుతుర్లో చూశాను. అద్దె సెట్లు కలిసిపోకుండా హోస్ (గాలి గొట్టం) మీద రంగు టేపు చుట్టి నంబరు రాస్తారు, మీరు చూసే ఉంటారు. నా ఆక్టోపస్ హోస్ మీద సరిగ్గా ఆ చోటే జిగురు మరక, దానికి ఇసుక అంటుకుని ఉంది. పెట్టె మీద స్టిక్కర్‌లో ఉన్న సీరియల్ నంబరుకీ, ఫస్ట్ స్టేజ్ మీద చెక్కి ఉన్న నంబరుకీ చివరి నాలుగంకెలు కలవలేదు. కొత్త పెట్టెలో పాత వస్తువు పెట్టి ఇచ్చారు. బిల్లులో ఏ నంబరూ లేదు, "స్కూబా సెట్ 1" అని ఒక్క ముక్క రాసి ఉంది.

తెలిసిన టెక్నీషియన్ ఒకాయన దగ్గరికి తీసుకెళ్లా. ఆయన ముందు ఫస్ట్ స్టేజ్ మూతి దగ్గరున్న ఫిల్టర్ చూపించాడు. ఆకుపచ్చగా ఉంది. డస్ట్ క్యాప్ బిగించకుండా కడిగినప్పుడో, బోటులో పడేసినప్పుడో ఉప్పునీరు లోపలికి పోతే లోహానికి చిలుము పట్టి ఫిల్టర్ ఆ రంగుకి వస్తుందట. తర్వాత ఫస్ట్ స్టేజ్ నుంచి వచ్చే ఒత్తిడి కొలిచే గేజ్ తగిలించి సిలిండర్ తెరిచాడు. ముల్లు ఒక చోట ఆగి నిలబడాలి. పది బార్ దగ్గర ఆగినట్టే ఆగి, చూస్తుండగానే పదకొండు, పన్నెండు అని మెల్లగా పైకి పాకింది. సిలిండర్ గాలిని ఆపే లోపలి బిరడా, హై ప్రెషర్ సీట్, అరిగిపోతే ఇలా జరుగుతుంది. ఆ ఒత్తిడి పెరిగి పెరిగి సెకండ్ స్టేజ్‌ని తోసేస్తుంది, గాలి ఆగకుండా కారిపోవడం మొదలవుతుంది. 18 మీటర్ల లోతులో అలా అయితే సిలిండర్ ఖాళీ కావడానికి నిమిషాలు చాలు. "దీన్ని సర్వీసు చేసి చాలా కాలమైంది. దీంతో దిగొద్దు" అన్నాడాయన. చాలా కంపెనీలు ఏడాదికోసారి సర్వీసు చేయించమంటాయి. ఒడ్డు మీద మనుషులు చూస్తుండగా చేసే సరదా డైవ్ కాదు నాది. వలలో చిక్కుకున్న ప్రొపెల్లర్ కింద, బురద నీళ్లలో, చేతికి తగిలిందే గుర్తుగా పని చేస్తాను. అక్కడ ఇది పాడై ఉంటే మా ఇంట్లో వాళ్లకి ఏం చెప్పేవాళ్లు?

అన్నీ పట్టుకుని మళ్లీ షాపుకి వెళ్లాను. మా నాన్న కూడా వస్తానన్నాడు. పెద్దమనిషి ఉంటే మర్యాదగా మాట్లాడతారని ఆయన నమ్మకం. షాపులో టూరిస్టులు ఏడెనిమిది మంది ఉన్నారు, ఫారాలు నింపుతున్నారు. నేను నెమ్మదిగానే, "సార్, ఇది కొత్తది కాదు, డబ్బు వెనక్కివ్వండి" అన్నాను. ఓనరు నా వైపు చూడలేదు. టూరిస్టులకి వినపడేలా, "పట్టుకెళ్లి సముద్రంలో ఆడుకుని, పాడుచేసి, ఇప్పుడు తెచ్చి పాతదంటారు. వీళ్లకిదే పని" అన్నాడు. లాగ్ తెరిచి తేదీలు చూపించా. "తేదీ నువ్వే మార్చుకుని ఉంటావ్" అన్నాడు. సీరియల్ నంబర్లు చూపించా. "పెట్టెలు మారుంటాయి, పెట్టెతో డైవ్ చేస్తావా?" అన్నాడు.

అప్పుడు మా నాన్న ముందుకొచ్చి, "బాబూ, ఊపిరి పీల్చుకునే సామాను కదేటి. పాతదయితే పాతదని సెప్పాలి కదా" అన్నాడు. అంతే. గొంతు కూడా పెంచలేదు.

దానికి ఆ మనిషి మా నాన్నని తల నుంచి కాళ్ల దాకా ఒకసారి చూసి, "వలలు లాక్కునేవాళ్లకి ఇంత బ్రాండ్లు ఎందుకయ్యా? నీ కొడుక్కి ముందు వస్తువు వాడటం నేర్పు" అన్నాడు.

నాకు ఇదే మింగుడు పడటం లేదు. డబ్బు ఎలాగో వసూలు చేస్తాను. నలభై ఏళ్లు సముద్రం మీద బతికిన మనిషిని, తను ఇసుక మీద గొడుగు వేసుకుని అద్దె సెట్లు తిప్పే మనిషి అంత మాటన్నాడు. అక్కడున్న వాళ్లెవరూ నోరెత్తలేదు. మా నాన్న ఇంకేం మాట్లాడకుండా సంచి భుజాన వేసుకుని బయటికి నడిచాడు. తిరుగు రైలులో ఇచ్ఛాపురం దాటేదాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన ముందు ఆ మాట అన్నందుకు నేను ఆ షాపుని ఎప్పటికీ క్షమించను.

నేను వచ్చేసేటప్పుడు ఇంకో బెదిరింపు కూడా. "నువ్వు దీంతో డబ్బు సంపాదిస్తావు కదా, నువ్వు వినియోగదారుడివే కావు, కోర్టుకెళ్లినా నిలబడదు" అన్నాడు. ఇది అబద్ధం, అందరూ గుర్తుపెట్టుకోండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో వ్యాపారం కోసం కొన్నవాళ్లని పక్కన పెట్టిన మాట నిజమే. కానీ సొంతంగా పని చేసుకుని పొట్ట పోసుకోవడానికి, తానే వాడుకోవడానికి కొన్న వస్తువు ఆ వ్యాపారం లెక్కలోకి రాదు. షాపు ఏ ఊళ్లో ఉన్నా సరే, మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. మాకు బరంపురంలోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, అక్కడే వేస్తున్నాను. ఐదు లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు. రెండేళ్ల లోపు వేయాలి. ముందు 1915కి ఫోన్ చేసి హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించాను. బిల్లు వెనక "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చేసి ఉంది. లోపమున్న వస్తువుని ఆ ముక్క చూపించి తిప్పి పంపితే చట్టం ఒప్పుకోదు. ఆ ముక్క చూసి వెనక్కి తగ్గకండి.

ఇప్పుడు ఇంట్లో అందరూ ఆన్‌లైన్‌లో కొనుంటే పోయేది అంటున్నారు. అదీ పూర్తిగా నిజం కాదు. మా బావ పోయినేడు బయటి దేశం సైట్ నుంచి రెగ్యులేటర్ తెప్పించుకున్నాడు. వస్తువు కొత్తదే, మంచిదే. కస్టమ్స్ కట్టాక మిగిలిన లాభం పెద్దగా లేదు. పైగా ఆ సైట్ కంపెనీ ఒప్పుకున్న డీలర్ కాదట, వారంటీ ఇచ్చేది లేదన్నారు. సర్వీసు కిట్ కోసం నెలల తరబడి తిరిగాడు. దాంతోపాటు తెప్పించుకున్న మాస్క్ ముఖానికి సరిపోక ప్రతి డైవ్‌లో నీళ్లు కారుతూనే ఉంది. మాస్క్, వెట్‌సూట్, ఫిన్స్ (కాళ్లకి వేసుకునే రెక్కలు) మాత్రం చేత్తో పట్టుకుని చూడకుండా కొనొద్దు. మాస్క్‌ని పట్టీ వేయకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీలిస్తే పడిపోకుండా అతుక్కోవాలి.

ఒక్క విషయంలో మాత్రం ఆన్‌లైనే నయం. అక్కడ వాళ్లు రాసిన ప్రతి మాటా మన దగ్గర ఉంటుంది, కొత్తదని చెప్పిన పేజీ ఫొటో తీసి పెట్టుకోవచ్చు. మన దేశపు సైట్లయితే 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి. షాపులో అన్నీ నోటి మాటలే, రేపు నేనలా అనలేదంటే సాక్ష్యం ఉండదు.

షాపులోనే కొంటే డబ్బు కట్టే ముందు సీరియల్ నంబరు పెట్టె మీదా వస్తువు మీదా కలుస్తుందో లేదో చూడండి, బిల్లులో ఆ నంబరూ "కొత్తది" అనే మాటా రాయించండి. ఆ షాపు కంపెనీ వెబ్‌సైట్‌లో డీలర్ల జాబితాలో ఉందో లేదో చూడండి. కంప్యూటర్ హిస్టరీ తెరిపించండి. వాళ్ల సిలిండర్‌కే రెగ్యులేటర్ తగిలించి, వాల్వ్ తెరిచి, మళ్లీ మూసి, ఐదు నిమిషాలు సిలిండర్ ఒత్తిడి చూపించే ప్రెషర్ గేజ్ వైపే చూడండి, ముల్లు దిగకూడదు, దిగితే ఎక్కడో గాలి కారుతున్నట్టే. ఫస్ట్ స్టేజ్ ఫిల్టర్ మీద టార్చ్ వేసి చూడండి. వద్దని అడ్డుపడితే అక్కడినుంచి వచ్చేయండి.

చివరగా, సిలిండర్ ఆన్‌లైన్‌లో ఎంత చవగ్గా కనపడినా తెప్పించుకోకండి. దిగుమతి సిలిండర్‌కి 2016 నాటి గ్యాస్ సిలిండర్ నియమాల కింద నాగపూర్‌లోని పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) అనుమతి ఉండాలి, లేకపోతే కస్టమ్స్‌లోనే ఆగిపోతుంది. ఇక్కడ పాతది కొన్నా సిలిండర్ భుజం మీద చెక్కి ఉన్న హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో సిలిండర్ గట్టిదనం చూసే పరీక్ష) తేదీ చదివాకే డబ్బు ఇవ్వండి.