దుబాయ్‌లో కొత్త కాపురానికి దేవా కనెక్షన్: సేవ చురుకు, బిల్లు తికమక

దుబాయ్‌లో ఇల్లు అద్దెకి తీసుకుంటే కరెంటు, నీళ్లు ఇచ్చే సంస్థ ఒక్కటే: దుబాయ్ ఎలక్ట్రిసిటీ అండ్ వాటర్ అథారిటీ. 1992లో కరెంటు కంపెనీని, నీటి శాఖని కలిపి దీన్ని పెట్టారు. ఇక్కడ అందరూ దేవా అంటారు. ఇంకో కంపెనీకి మారే వీలు లేదు కాబట్టి తీసుకోవాలా వద్దా అన్న ప్రశ్నే లేదు. ఎలా తీసుకుంటే డబ్బు, తలనొప్పి తగ్గుతాయన్నదే చూడాల్సింది. కనెక్షన్ ఇచ్చే వేగానికి మంచి మార్కులే వేయాలి. మార్కులు తగ్గేది బిల్లు దగ్గర. కరెంటు బిల్లు కదా అని తెరిస్తే అందులో కరెంటుకి సంబంధం లేని పద్దులు కూడా కూర్చుని ఉంటాయి.

ముందు ఎజారీ. అద్దె ఒప్పందాన్ని ల్యాండ్ డిపార్ట్‌మెంట్‌లో రిజిస్టర్ చేయించడమే ఇది. టైపింగ్ సెంటర్‌లో (సర్కారు దరఖాస్తులు నింపి పెట్టే దుకాణం) చేయిస్తే సుమారు 220 దిర్హాములు అవుతుంది. సంతకాలున్న ఒప్పందం, ఇంటి టైటిల్ డీడ్ కాపీ, ఓనరు పాస్‌పోర్టు కాపీ, మీ ఎమిరేట్స్ ఐడీ (ఇక్కడి నివాసితుల గుర్తింపు కార్డు), పాస్‌పోర్టు, వీసా దగ్గర పెట్టుకోండి. ఇక్కడ ఎక్కువగా పని ఆగేది ఒకే కారణం వల్ల: పాత కిరాయిదారు ఖాళీ చేశాడు గానీ అతని ఎజారీ రద్దు కాలేదు. అది రద్దయ్యే దాకా మీది ఎక్కదు. అందుకే అద్దె చెక్కులు చేతికిచ్చే ముందే "పాత ఎజారీ క్యాన్సిల్ అయిందా?" అని ఏజెంటుని అడగాలి. ఆయన తీసుకునే కమిషన్‌కి (మామూలుగా ఏడాది అద్దెలో 5 శాతం) ఆ మాత్రం పని చేసిపెట్టడం న్యాయమే.

ఎజారీ ఎవరి పేరున ఉందన్నది కరెంటుతో అయిపోయే విషయం కాదు. భార్యాపిల్లల వీసాకి ఆ కాగితం అడుగుతారు. జీతం నెలకి 4,000 దిర్హాములు, లేదా 3,000తో పాటు వసతి ఉండాలన్న షరతు దీనికి వేరుగా ఉంది. షేరింగ్‌లో ఒక గది తీసుకుని, మొత్తం ఇల్లు ఇంకొకరి పేరున ఉంచేస్తే అద్దె కలిసొస్తుంది గానీ, ఫ్యామిలీని రప్పించే రోజున అదే అడ్డం తిరుగుతుంది. ఇంట్లో ఉండేవాళ్లందరి పేర్లు ల్యాండ్ డిపార్ట్‌మెంట్ వారి దుబాయ్ రెస్ట్ యాప్‌లో ఎక్కించడం కూడా మరవకండి.

ఎజారీ ఎక్కాక దేవా నుంచి డబ్బు కట్టే లింకు మెసేజ్‌గానో మెయిల్‌గానో వస్తుంది. రాకపోతే తలుపు పక్కన అతికించి ఉండే తొమ్మిదంకెల ప్రెమిసెస్ నంబరుతో యాప్‌లో మీరే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఫ్లాటుకి డిపాజిట్ 2,000 దిర్హాములు, విల్లాకి 4,000. ఇవి వెనక్కి వచ్చేవి. చిన్న మీటరు అయితే యాక్టివేషన్ ఫీజు 100, దాని మీద కొద్దిపాటి అదనం, ఇవి రావు. కట్టిన ఒక రోజులోపు కరెంటు వస్తుంది. వచ్చిందన్న మెసేజ్ చూసినా ఇంట్లో చీకటిగానే ఉంటే కంగారు పడి ఫోన్ చేయకండి; ముందు ఫ్లాటు లోపలి డీబీ బాక్సులో (స్విచ్‌లన్నీ ఉండే కరెంటు పెట్టె) మెయిన్ స్విచ్ దించి ఉందేమో చూడండి. చాలాసార్లు అదే.

ఇక బిల్లు. కరెంటు రేటు నెలకి మొదటి 2,000 యూనిట్ల వరకు యూనిట్‌కి 23 ఫిల్స్, 4,000 దాకా 28, 6,000 దాకా 32, ఆపైన 38. (100 ఫిల్స్ ఒక దిర్హాము.) స్లాబు దాటితే దాటిన యూనిట్లకే పై రేటు. తెలంగాణలో 200 యూనిట్లు దాటగానే మొదటి యూనిట్ల రేటు కూడా మారిపోతుంది కదా, ఆ భయం ఇక్కడ అక్కర్లేదు. వేసవిలో 2,400 యూనిట్లు కాలితే 460, దాని మీద 112, మొత్తం 572 దిర్హాములు. దీనికి నెలనెలా మారే ఇంధన సర్‌ఛార్జీ, 5 శాతం వ్యాట్ కలుస్తాయి. నీళ్లకి వేరే లెక్క, మురుగునీటికి ఇంకో పద్దు. ఆ మురుగునీటి రేటు 2025 నుంచి మెట్లుమెట్లుగా పెరుగుతోంది.

కొత్తవాళ్లని బెంబేలెత్తించేది హౌసింగ్ ఫీ. ఇది మున్సిపాలిటీది, వసూలు మాత్రం దేవా బిల్లులో. ఏడాది అద్దెలో 5 శాతాన్ని పన్నెండు నెలలకి పంచుతారు. అద్దె 72,000 అయితే ఏడాదికి 3,600, నెలకి 300 దిర్హాములు. చలికాలంలో ఏసీ ముట్టుకోని నెలలో కూడా ఈ 300 తప్పవు. "అద్దె ఎంత?" అన్నప్పుడల్లా ఈ 5 శాతం కలిపే లెక్క వేసుకోవాలి. ఈ ఫీజు ఎజారీలో ఉన్న అద్దెని బట్టి పడుతుంది కాబట్టి, బేరమాడి అద్దె తగ్గించుకున్న ఏడాది ఎజారీ రెన్యూ చేయించకపోతే పాత లెక్కే నడిచిపోతుంది.

ఏసీ సంగతి ఇంకో చిక్కు. కొన్ని భవనాలకి చల్లటి నీరు ఎంపవర్, ఎమికూల్ లాంటి డిస్ట్రిక్ట్ కూలింగ్ కంపెనీల నుంచి వస్తుంది. అలాంటి చోట దేవా బిల్లు ముచ్చటగా తక్కువ వస్తుంది. ఏసీకి వేరే ఖాతా, వేరే డిపాజిట్, వేరే బిల్లు. వాడకపోయినా పడే కెపాసిటీ ఛార్జీ కూడా ఉంటుంది, అది ఓనరు కడతాడా మీరా అన్నది ఒప్పందంలో రాయించుకోండి. "చిల్లర్ ఫ్రీ" (ఏసీ చల్లదనం ఖర్చు అద్దెలోనే) అన్న ప్రకటన నిజమైతే అద్దె కాస్త ఎక్కువైనా కుటుంబానికి అదే నయం. పైపు గ్యాస్ ఉంటే దానిదీ వేరే లెక్కే.

బిల్లు తగ్గించే మార్గాల్లో పనికొచ్చేవి రెండే. ఏసీ 24 దగ్గర పెట్టి వదిలేయడం ఒకటి. రెండోది హీటరు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మేడమీది ట్యాంకు కాగిపోయి చన్నీళ్ల కుళాయిలోంచే వేడినీళ్లు వస్తాయి. అప్పుడు బాత్‌రూమ్ హీటరు స్విచ్ పూర్తిగా ఆపేయండి. హీటరు ఇంటి లోపల చల్లటి చోట ఉంటే అందులో నిలిచిన నీళ్లు చల్లబడతాయి. వేడినీళ్ల కుళాయి తిప్పితే చల్లనివి వస్తాయి. 50 లీటర్ల హీటరులోని ఆ చల్లటి నీళ్లు ఒకరిద్దరి స్నానానికే, కాబట్టి పిల్లలకి ముందు పోయండి. ఊరి నుంచి తెచ్చుకున్న మిక్సీ, గ్రైండరు వోల్టేజీకి ఇబ్బంది లేదు, ప్లగ్గే పట్టదు. అడాప్టరు పెట్టి రోజూ పిండి రుబ్బితే అది వేడెక్కుతుంది. 13 ఆంప్ ఫ్యూజు ఉండే చదరపు కాళ్ల ప్లగ్గు వేయించండి.

యాప్‌లో నిజంగా మెచ్చుకోవాల్సింది నీటి వాడకం అలర్టు. అది వస్తే కుళాయిలన్నీ కట్టేసి మీటరు చూడండి. ఇంకా తిరుగుతుంటే ఎక్కువగా ఫ్లష్ ట్యాంకు వాషరే దొంగ. మీటరు దాటాక జరిగే లీకు దేవా బాధ్యత కాదు, ఆ నీళ్ల డబ్బు మీరే కట్టాలి. కరెంటు పోవడం లాంటి అత్యవసరానికి 991.

ఖాళీ చేసేటప్పుడు తొందరపడి ముందే కట్ చేయించకండి. ఓనరు ఇల్లు చూసి, పెయింటు, క్లీనింగు అయ్యాక, ఆ మర్నాటి తేదీ పెట్టండి. ఫైనల్ బిల్లు కాగితం చూపిస్తే గానీ ఓనరు తన దగ్గరున్న డిపాజిట్ ఇవ్వడు. దేవా డిపాజిట్‌లోంచి బాకీ పోగా మిగిలింది మీ పేరున్న బ్యాంకు ఐబాన్‌కి (అంతర్జాతీయ ఖాతా నంబరు) వేయించుకోవచ్చు. అందుకే ఇండియాకి పూర్తిగా వెళ్లిపోయేవాళ్లు ఆ డబ్బు పడేదాకా బ్యాంకు ఖాతా మూయకూడదు. దుబాయ్‌లోనే ఇంకో ఇంటికైతే డిపాజిట్ బదిలీ అవుతుంది. అద్దె తక్కువని షార్జాకి మారితే మాత్రం అక్కడ సేవా అని వేరే సంస్థ, కొత్త డిపాజిట్. దేవా ఖాతా ఇక్కడే మూయించి వెళ్లాలి.