పేర్లు ఎగరగొట్టిన ‘మూన్‌స్టోన్’: ఈ ప్రతి క్లాసుకి పనికిరాదు

నవలకి ఐదు నక్షత్రాలు, ఈ చౌక పేపర్‌బ్యాక్‌కి ఒకటిన్నర. ఆ ఒకటిన్నరా బైండింగ్ గట్టిగా ఉన్నందుకు.

డిగ్రీ సెకండియర్‌కి ఇంగ్లీషు చెప్తాను. ఈసారి విల్కీ కాలిన్స్ ‘ది మూన్‌స్టోన్’ తీసుకున్నాం. 1868లో డికెన్స్ వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల. రేచల్ అనే అమ్మాయి పుట్టినరోజు రాత్రి, ఆమెకి కానుకగా వచ్చిన వజ్రం పోతుంది. ఆ తర్వాత ఆమె బంధువు ఫ్రాంక్లిన్ బ్లేక్ ఒక్కొక్కరి చేతా జరిగింది రాయిస్తాడు. షరతు ఒక్కటే: ఎవరికి స్వయంగా తెలిసింది వాళ్లే రాయాలి. ఆ ఇంటి వ్యవహారాలు చూసే ముసలి నౌకరు బెటరెడ్జ్ 23 అధ్యాయాలు రాస్తాడు, తర్వాత మిస్ క్లాక్, ప్లీడరు బ్రఫ్, ఆపైన బ్లేకే. రహస్యం దాగింది ఈ షరతులోనే. తర్వాత తెలిసిన సంగతులు ఇప్పుడే చెప్పకూడదని తనకి ఆంక్ష ఉందని బెటరెడ్జే మనతో అనేస్తాడు.

ఈ ప్రచురణకర్త ఏం చేశాడయ్యా అంటే, రాసినవాళ్ల పేర్లు తీసేసి, అధ్యాయాలకి వరసగా నంబర్లు వేసేశాడు. 24వ అధ్యాయం మొదలుపెట్టగానే ఒకమ్మాయి లేచి, "మేడమ్, బెటరెడ్జ్‌కి ఉన్నట్టుండి ఇంత భక్తెందుకు పుట్టింది?" అంది. క్లాసంతా నవ్వు. పాపం, అక్కణ్ణుంచి మాట్లాడేది మిస్ క్లాక్. కనపడ్డ దిండు కిందల్లా మత కరపత్రాలు దూర్చే మనిషి. తన రాతని మార్చేస్తారేమోనని ఆవిడ అనుమానపడితే, అక్షరం కూడా మార్చబోమని బ్లేక్ అడుగున ఫుట్‌నోట్‌లో మాటిస్తాడు. కథని కూర్చేది ఎవరో పిల్లలకి చూపించడానికి అంతకంటే మంచి చోటు లేదు. ఈ ప్రతిలో ఆ ఫుట్‌నోటూ లేదు.

రేచల్ గది తలుపు మీద రంగు చెదిరిన మరక సంగతి మాత్రం ఈ ప్రతితోనూ బాగానే నడిచింది. రంగు ఆరడానికి పన్నెండు గంటలు పడుతుంది, చివరి భాగం పూసింది మధ్యాహ్నం మూడింటికి. అర్ధరాత్రి బెటరెడ్జ్ కూతురు పెనలోపీ చూసినప్పుడు మరక లేదు. అంటే ఎవరి బట్టో తగిలి చెదిరింది రాత్రి పన్నెండుకీ తెల్లవారుజామున మూడింటికీ మధ్యన. డిటెక్టివ్ సార్జెంట్ కఫ్ లెక్క కట్టేదాకా ఆగకుండా పిల్లలే బోర్డు మీద కట్టారు. "మరి ఆ బట్ట ఎవరిది?" అన్నదానికి జవాబు బెటరెడ్జ్ దగ్గర లేదు. అది ఎవరి కథనంలో, ఎందుకు అక్కడే బయటపడుతుందన్నదే నా పరీక్ష ప్రశ్న.

అన్నట్టు, ముందుమాట నాలుగో పేజీలోనే దొంగ పేరు చెప్పేశారు! ఆ పేజీలు స్టేపుల్ చేయించాను.

ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో పుస్తకం ఉచితం. విషయసూచికలో ఎవరి కథనం ఏదో పేర్లతో ఉంది. ఆ పేజీ జిరాక్సు తీసి పంచాను. కాగితం పుస్తకమే కావాలంటే, డబ్బులిచ్చే ముందు కొట్టులోనే బెటరెడ్జ్ 23వ అధ్యాయం అయ్యాక పేజీ తిప్పి చూడండి. మిస్ క్లాక్ పేరుంటే కొనండి.