లంచ్ బాకీ: కౌంటీ కట్టెయ్యడం మేలా, బాకీయే పడకుండా చూడడం మేలా?

అమెరికాలో ఉన్న మనవాళ్లలో చాలామందికి ఈ స్కూల్ లంచ్ బాకీల గొడవే తెలియదు, ఎందుకంటే పిల్లల లంచ్ అకౌంట్‌కి కార్డు తగిలించి ఆటో రీఫిల్ పెట్టేసి మర్చిపోతాం. అది లేని ఇంట్లో పిల్ల క్యాఫెటీరియా లైన్లో ట్రే పట్టుకుని కీప్యాడ్ మీద తన నంబరు కొడితే స్క్రీన్ మీద మైనస్ వస్తుంది, వెనక నిలబడ్డవాళ్లూ చూస్తారు. చాలా స్కూల్ డిస్ట్రిక్టుల్లో (ఒక ప్రాంతంలోని బళ్లన్నిటినీ నడిపే సంస్థలవి) అప్పుడు వేడి భోజనం బదులు చల్లటి చీజ్ శాండ్‌విచ్ చేతిలో పెట్టేవారు. 2019లో మినెసోటాలోని రిచ్‌ఫీల్డ్ హైస్కూల్లో 15 డాలర్లు దాటి బాకీ ఉన్న పిల్లల భోజనం తీసుకుని చెత్తబుట్టలో పడేశారు, ఆ తర్వాత క్షమాపణ చెప్పారు. అదే ఏడాది పెన్సిల్వేనియాలో వయోమింగ్ వ్యాలీ వెస్ట్ డిస్ట్రిక్ట్, బాకీ కట్టకపోతే పిల్లలు ఫోస్టర్ కేర్‌కి, అంటే కన్నవాళ్లని వదిలి ప్రభుత్వం చూపించిన వేరే ఇంటికి, వెళ్లాల్సి రావచ్చని తల్లిదండ్రులకు ఉత్తరాలే పంపింది. ఒక కాఫీ కంపెనీ అధిపతి ఆ 22 వేల డాలర్లూ నేనే కడతానంటే బోర్డు ప్రెసిడెంటు ముందు వద్దన్నాడు, నానా తిట్లూ పడ్డాక ఒప్పుకున్నారు. పిల్లలు తిన్న తిండికి ఇంత పంతమేమిటో!

ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ సిటీ కౌన్సిల్లోనో కౌంటీ (మన జిల్లా లాంటిది) బోర్డులోనో ఎవరో ఒకరు లేచి "మనమే కట్టేద్దాం" అంటారు. మంచి మాటే. ఫెడరల్ రూల్ ప్రకారం వసూలు కాని బాకీని లంచ్ ప్రోగ్రాం డబ్బుతో కొట్టెయ్యకూడదు, డిస్ట్రిక్ట్ వేరే డబ్బుతో, మామూలుగా తన జనరల్ ఫండ్ నుంచి, పూడ్చుకోవాలి, అంటే టీచర్లకీ పుస్తకాలకీ ఉన్న డబ్బులోంచే. కాబట్టి కౌంటీ ఇచ్చే చెక్కు నిజంగానే పనికొస్తుంది, ఫోటో కూడా బాగా వస్తుంది. కాకపోతే బాకీ ఎందుకు పడిందో ఆ కారణం అక్కడే ఉంటుంది గనక ఆగస్టులో సున్నాతో మొదలైన లెక్క క్రిస్మస్ సెలవుల నాటికి మళ్లీ పెరుగుతుంది. ఇంకొకటి, తాము ఒక పూట మానుకుని అయినా పిల్ల అకౌంట్లో డబ్బు వేసిన ఇంటికి ఇందులో దక్కేదేమీ లేదు.

రెండో దారి చిన్నది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. పేదరిక రేఖకి 130 శాతం లోపు ఆదాయం ఉంటే భోజనం ఉచితం, 130 నుంచి 185 శాతం మధ్య ఉంటే లంచ్‌కి గరిష్ఠంగా 40 సెంట్లు. ఆ 40 సెంట్లు స్థానిక ప్రభుత్వం కట్టేస్తే ఆ ఇళ్లకి అసలు బాకీయే పడదు. కొన్ని రాష్ట్రాలు ఇప్పటికే కడుతున్నాయి. ఖర్చు తక్కువ, అందాల్సినవాళ్లకే అందుతుంది. లోటల్లా ఏమిటంటే, 185 శాతానికి కాస్త పైన ఉన్న ఇల్లు పూర్తి ధర కడుతూనే ఉంటుంది, ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే ఎక్కువగా ఇరుక్కునేది ఆ ఇల్లే.

నాకు అన్నిటికంటే నచ్చేది మూడోది, కమ్యూనిటీ ఎలిజిబిలిటీ ప్రొవిజన్, సీఈపీ అంటారు. ఇందులో ఆదాయం చూపించే ఫారాలుండవు, స్కూల్లో పిల్లలందరికీ భోజనం ఉచితం, ఎవరు డబ్బున్నవాళ్లో ఎవరు లేనివాళ్లో లైన్లో తెలిసే పనే లేదు. ఫుడ్ స్టాంపుల (తిండి కొనుక్కోవడానికి పేదలకి ప్రభుత్వం ఇచ్చే సాయం) వంటి పథకాల ద్వారా నేరుగా అర్హత దొరికిన పిల్లల శాతం చూస్తారు. సీఈపీలో చేరాలంటే అది మొదట్లో 40 ఉండాలనేవారు, 2023లో దాన్ని 25కి తగ్గించారు. అసలు మెలిక లెక్కలో ఉంది: ఆ శాతాన్ని 1.6తో గుణిస్తే ఎంత వస్తుందో అన్ని భోజనాలకే కేంద్రం పూర్తి రేటు, అంటే నాలుగు డాలర్ల పైచిలుకు ఇస్తుంది, మిగతావాటికి వచ్చేది సుమారు అర డాలరే. స్కూల్లో 40 శాతం ఉంటే నూటికి 64 భోజనాలకి పూర్తి డబ్బు, 36కి చిల్లర. 62.5 ఉంటే నూటికి నూరూ వస్తాయి. 25 దగ్గర ఉన్న స్కూలు చేరొచ్చు గానీ చేరితే మునుగుతుంది, అందుకే చాలా డిస్ట్రిక్టులు వెనకాడతాయి. కౌంటీ డబ్బు ఈ సందులో పెడితే ఫలితం కనిపిస్తుంది.

ఉచితం అన్నంత మాత్రాన బాకీ మాయమవదు, ఇంకొకరి నెత్తిన పడుతుంది. ఆంధ్రా, తెలంగాణ బళ్లలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లాడికి ఏ బాకీ ఉండదు, కానీ బిల్లులు నెలల తరబడి రాకపోతే కిరాణా కొట్టులో ఖాతా పెరిగేది వంట చేసే మహిళా సంఘం ఆవిడకే. సీఈపీలో కూడా కేంద్రం ఇవ్వని ఆ తేడా ఎవరు భరిస్తారో ముందే రాసుకోవాలి.

రాష్ట్రమే అందరికీ పెట్టడం అన్నిటికన్నా శుభ్రమైన దారి. 2022లో కాలిఫోర్నియా, మెయిన్ మొదలుపెట్టాయి, ఆ మరుసటి ఏడాది మినెసోటా, కొలరాడో వగైరా. కొలరాడోలో 3 లక్షల డాలర్లు దాటిన ఆదాయాల మీద డబ్బు రాబట్టారు, అయినా మొదట్లో ఖర్చు అంచనా దాటిపోయింది. ఏదేమైనా అది సిటీ కౌన్సిల్ చేతిలో పని కాదు.

అందుకని నా ఓటు ఇలా: మీ స్కూళ్లలో నేరుగా అర్హత దొరికిన పిల్లల శాతం 50 దాటితే కౌంటీ డబ్బు సీఈపీ తేడాకి, అంతకంటే బాగా తక్కువైతే 40 సెంట్లకీ, ఫారాలు నింపించే మనిషికీ. పాత బాకీ కొట్టెయ్యడం వీటికి తోడుగా అయితే సరే, అదొక్కటే అయితే వద్దు. బోర్డు మీటింగ్‌లో మైకు దొరికితే "మన శాతం ఎంత?" అని అడగండి, ఆ ఒక్క అంకె తెలిస్తే సగం వాదన అక్కడే తేలుతుంది.

ఫారం మాట వచ్చింది కాబట్టి, చదువుకోవడానికి కుటుంబంతో వచ్చి స్టైపెండ్ మీద నెట్టుకొస్తున్న మనవాళ్లు చాలామంది భయపడి దాన్ని నింపరు. అందులో వీసా సంగతి అడగరు. ఇంట్లో ఎవరెవరు, ఆదాయమెంత, సంతకం పెట్టేవారి సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి నాలుగు అంకెలు, ముఖ్యంగా ఇవే. నంబరు లేకపోతే లేదని టిక్ పెట్టే గడి కూడా ఉంటుంది. ఏడాది మధ్యలో ఎప్పుడైనా ఇవ్వొచ్చు, కానీ అప్పటిదాకా పడ్డ బాకీ మాత్రం అలాగే ఉంటుంది, అందుకే ఆగస్టులోనే ఇచ్చెయ్యండి.